గోలు కాచే కుర్రవానిని తూచుట

ఫుట్‌బాల్ జట్టులో పదిమందికి ఒక ధర్మం, పదకొండవవానికి వేరొక ధర్మం. పదిమంది చేసిన పొరపాట్లను ఆ పదకొండవవాడు దిద్దగలడు. అతని పొరపాటును దిద్దడానికి వెనుక వల తప్ప మరేమీ లేదు. ముందువరుస ఆటగాడు ఐదుసార్లు గురి తప్పి ఆరవసారి గోలు వేస్తే ఆనాటి వీరుడు అతడే. గోలుకీపరు ఐదు బంతులు పట్టి ఆరవదానిని జారవిడిచితే తలవంచుకొని ఇంటికి పోవలసినదే. పెద్దల ఆటలో ఇది చెల్లిపోవచ్చును. వారు తెలిసి దిగినవారు. పన్నెండేళ్ల కుర్రవాడు గోలు పడిన మరుక్షణం మైదానం అంచున నిలుచున్న పెద్దల ముఖాలవైపు చూస్తాడు. ఆ ముఖాలలో వాడు చదివే తీర్పు ఏది? ఆ తీర్పు ఏ తూనికరాళ్లతో తూచినది? ఈ ప్రశ్నకు ఆట చరిత్రలో ఎంతో జవాబు ఉన్నది.

మన బడులలో గోలు కాచే పని ఎవరికి దక్కుతుందో అందరికీ తెలిసినదే. పరుగెత్తలేనివానిని, ఆలస్యంగా వచ్చినవానిని ఆటలో అరటిపండుగా చేర్చుకొని రెండు ఇటుకల నడుమ నిలబెడతారు. ఈ ఆచారం మనకొక్కరికే చెందినది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో రగ్బీ వంటి ఇంగ్లండు బడులలో చిన్న తరగతుల పిల్లలను గుంపుగా గోలు దగ్గర నిలిపి, పెద్ద తరగతులవారు ముందు ఆడుకొనేవారు. 1863లో లండనులో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి తొలి నియమాలు వ్రాసికొన్నప్పుడు వాటిలో గోలుకీపరు అనే మాటే లేదు. తన గోలును కాపాడుకొనడానికి చేతులు వాడగల ఆటగాడు ఆ నియమాలలో ప్రత్యేకంగా కనిపించేది 1871లో.

అతనికి చేతులు ఇచ్చినారు గాని రక్షణ ఇవ్వలేదు. ఎదుటిపక్షంవారు భుజంతో గెంటి అతనిని గోలులోనికి తోయవచ్చును. అందుచేత ఆనాటి పరీక్షకులు మొదట చూచినది ఒళ్లు. 1899లోను, 1902లోను ఇంగ్లండు కప్పు గెలిచిన షెఫీల్డ్ యునైటెడ్ జట్టుకు గోలు కాచిన విలియం ఫోక్ ఆరడుగులు దాటిన మనిషి. ఆటకాలం చివరి సంవత్సరాలలో అతని బరువు 125 కిలోలకు పైమాట. అటువంటివానిని గెంటడం ఎవరితరం? ఈ గెంటుడు పద్ధతి ఎంతకాలం నిలిచిందో చూడండి: 1958 మే నెలలో వెంబ్లీ మైదానంలో జరిగిన కప్పు ఫైనలులో బోల్టన్ నాయకుడు నాట్ లాఫ్ట్‌హౌస్, మాంచెస్టర్ యునైటెడ్ గోలుకీపరు హారీ గ్రెగ్‌ను బంతితోసహా భుజంతో గోలులోనికి నెట్టినాడు. రెఫరీ దానిని గోలుగానే లెక్కించినాడు.

నియమం మారినప్పుడల్లా తూనిక మారవలసి వచ్చినది. వేల్స్ దేశపు లీ రిచ్‌మండ్ రూస్ బంతిని నేలకు తట్టుకొంటూ మైదానపు నడిమిగీత దాకా సాగిపోయేవాడు. అప్పటి నియమం అందుకు ఒప్పుకొనేది. 1912లో చేతుల వాడకాన్ని పెనాల్టీ ప్రదేశానికి కుదించినారు. ఆ సాహసి 1916లో సోమ్ రణరంగంలో మరణించినాడు. ఇంకొక విచిత్రం కూడా చెప్పుకొనవలెను. గోలుకీపర్ల గుండెలో రాయి వేసే పెనాల్టీ కిక్కును 1890లో ప్రతిపాదించినవాడు ఐర్లండుకు చెందిన విలియం మెక్‌క్రమ్. అతడు స్వయంగా గోలుకీపరు! మరుసటి యేడు అది నియమమైనది.

ఒళ్లు తరువాత వచ్చిన తూనిక అంకె. ఎన్ని ఆటలు, ఎన్ని గోలులు పడినవి, భాగించు. స్పెయిన్ దేశపు క్రీడాపత్రిక మార్కా, తమ మహా గోలుకీపరు రికార్డో జమోరా పేరిట 1958-59 ఆటకాలం నుండి ఇస్తున్న బహుమతికి ఆధారం ఈ భాగహారమే. ఒక యేడాది పొడుగునా ఉద్దండులు ఆడే పోటీలో ఈ లెక్కకు కొంత అర్థం ఉన్నది. ఆదివారంనాడు బడి మైదానంలో ఆడే పిల్లవానికి ఇదే లెక్క వర్తింపజేస్తే వానిని కాక, వాని ముందున్న పదిమందిని తూచినట్లవుతుంది. బలమైన జట్టు వెనుక నిలుచున్నవాడు చలికి చేతులు రుద్దుకొంటూ సున్న గోలులతో ఇంటికి పోతాడు; బలహీనమైన జట్టువాడు ఇరవై బంతులు ఆపి ఐదు వదలి అపకీర్తి మోస్తాడు.

ఇందుకు గార్డన్ బ్యాంక్స్ కథకు మించిన సాక్ష్యం లేదు. 1937లో షెఫీల్డులో పుట్టి, పదిహేనేళ్లకే బడి మాని బొగ్గు సంచులు నింపే పనిలో చేరిన కుర్రవాడు. రామార్ష్ వెల్ఫేర్ అనే చిన్న జట్టువారు వానికి అవకాశమిచ్చినారు. మొదటి ఆటలో వానిపై పడినవి 12 గోలులు. రెండవ ఆటలో 3. అంతటితో వానిని వద్దన్నారు. అంకెను నమ్మితే వారి నిర్ణయంలో దోషమేమున్నది? వాడు తన పాత జట్టుకు మరలిపోయినాడు. అక్కడ ఆడుతూ ఉండగా చెస్టర్‌ఫీల్డ్ క్లబ్బువారి కంటబడినాడు. వారి కుర్రజట్టు 1956లో యువజనుల కప్పు ఫైనలు చేరి, మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడినది. పది సంవత్సరాలకు, 1966లో, ఇంగ్లండు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు గోలు కాచినవాడు ఈ 12 గోలుల కుర్రవాడే. 1970లో మెక్సికోలో పీలే తలతో కొట్టిన బంతిని గోలుగీత దగ్గర నేలనుండి పైకెగరగొట్టినవాడూ ఇతడే.

గోలును చూచి తీర్పు చెప్పేవారికి బ్రెజిల్ దేశపు మోసిర్ బార్బోసా కథ మరింత చేదైనది. 1950 జూలై 16న మరకానా మైదానంలో ఉరుగ్వేతో ఆట. బ్రెజిల్‌కు సమమైనా చాలు. ఉరుగ్వే మొదటి గోలు ఎట్లా వచ్చినదంటే, కుడివైపునుండి గిగ్గియా పరుగెత్తి బంతిని లోపలికి పంపగా, స్కియాఫినో దానిని గోలులో వేసినాడు. కొద్ది నిమిషాలకు గిగ్గియా మళ్లీ అదే దారిన వచ్చినాడు. ఈసారి కూడా లోపలికే పంపుతాడని బార్బోసా ఒక అడుగు ఆ ప్రక్కకు కదలినాడు. గిగ్గియా ఆ విడిచిన సందులో నేరుగా గోలు కొట్టినాడు. బ్రెజిల్ 1-2తో ఓడినది. 2000 సంవత్సరంలో కన్నుమూసేవరకు, యాభై యేళ్లు, ఆ అడుగు బార్బోసాను వదలలేదు. కొంచెం తీరికగా ఆలోచించి చూడండి. ముందు జరిగినదానినిబట్టి తరువాతి దానిని ఊహించడం గోలుకీపరులో మనం కోరే గుణమే గదా! నిర్ణయానికి ఆధారమున్నది, ఫలితం ఎదురు తిరిగినది. ఈ రెంటినీ వేరుచేసి చూడలేని పరీక్షకునికి పిల్లలను అప్పగించరాదని మా దృఢాభిప్రాయం.

మరి దేనిని చూడవలెను? ఇంట్లో దీపం పెట్టిన తరువాత ఒక చిన్న పరీక్ష చేయండి. గోడకు దగ్గరగా అరచేయి పెడితే గోడమీద నీడ అరచేయంతే ఉంటుంది. దీపంవైపు జరిపినకొద్దీ నీడ పెరిగి గోడనంతా కప్పుతుంది. బంతి దీపం, గోలు గోడ, అరచేయి గోలుకీపరు. గోలు వెడల్పు 24 అడుగులు, అనగా 7.32 మీటర్లు. ఎదురుగా ఉన్న బంతికి, గోలుకు సరిగా నడుమ దూరంలో నిలిస్తే అతడు కాచవలసిన వెడల్పు అందులో సగమే. మరీ ముందుకు పోతే తలమీదుగా బంతిని లేపే ప్రమాదం ఉన్నది. ఈ రెండు భయాల నడుమ సరియైన చోటు వెదకి నిలవడమే ఆ విద్యలో అధికభాగం. శిక్షకులు రెండు గోలుస్తంభాలకు తాడు కట్టి, రెండు కొనలనూ బంతి దగ్గర కలిపి, ఆ త్రికోణం నడుమ కుర్రవానిని నిలబెడతారు. తనకు కుడివైపు ఎంత ఖాళీ, ఎడమవైపు ఎంత ఖాళీ అన్నది అప్పుడు వాని కంటికే కనబడుతుంది. బ్యాంక్స్ ఈ కోణాల లెక్కను గంటలకొలది ఒంటరి సాధనతో వంటబట్టించుకొన్నవాడు.

ఇక్కడ మా రేడియో వృత్తిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఆట జరిగే చోటునుండి వ్యాఖ్యానం చెప్పేటప్పుడు మాకు గాలిలోనికి ఎగిరే గోలుకీపరే ఇష్టం. గొంతు పెంచడానికి, శ్రోతను కుర్చీ అంచుకు తేవడానికి అతడు వీలైనవాడు. ముందే సరియైన చోట నిలిచి, బంతి తనంత తానుగా పొట్టదగ్గరికి వచ్చేటట్లు చేసికొన్నవానిని గూర్చి "పట్టుకొన్నాడు" అనే ఒక్కమాటతో ముగించి ముందుకు పోతాము. రెండవవాని విద్యయే గొప్పది కావచ్చును. ప్రేక్షకుల చప్పట్లూ అంతే. పిల్లలు చెవులు గలవారు. దేనికి చప్పట్లు వస్తాయో దానినే నేర్చుకొంటారు. నిలబడి పట్టగల బంతికి కూడా దుముకుతారు.

ఈ మోజు పెద్దలలోనూ ఉన్నదని 2007లో ఇజ్రాయెల్ పరిశోధకులు ప్రకటించిన ఒక అధ్యయనం తెలుపుతున్నది. మేటి పోటీలలో కొట్టిన 286 పెనాల్టీ కిక్కులను వారు పరిశీలించినారు. నూటికి ఇంచుమించు 29 బంతులు గోలు నడిమికే వచ్చినవి. గోలుకీపర్లు నడుమ నిలిచిపోయినది నూటికి 6 సార్లు మాత్రమే. అట్లా నిలిచినప్పుడు మూడింట ఒక బంతిని ఆపినారు. కుడికిగాని ఎడమకుగాని దూకినప్పుడు ఏడెనిమిదింట ఒకటి. అయినా ఎందుకు దూకుతారు? దూకి తప్పితే ప్రయత్నించినాడంటారు, నిలిచి తప్పితే బొమ్మవలె నిలుచున్నాడంటారు. అందరూ నడుమనే నిలవడం మొదలుపెడితే కొట్టేవారు ప్రక్కలకు కొడతారన్నది నిజమే. అయినా మాకు అందులో ముఖ్యంగా తోచినది, తూచేవారి చూపు ఆడేవారి కాళ్లను సైతం కదిలిస్తుందన్న సంగతి.

ఓపికతో చూచిన కళ్లకు ఉదాహరణ కావలెనంటే మాస్కోకు పోవలెను. లెవ్ యాషిన్ 1929లో అక్కడి కార్మిక కుటుంబంలో పుట్టి, యుద్ధకాలంలో బాల్యంలోనే కర్మాగారంలో పనిచేసినాడు. డైనమో క్లబ్బులో కుర్రజట్టు శిక్షకుడు అర్కాదీ చెర్నిషోవ్ ఆ పొడగరి కుర్రవానిని గుర్తించి చేరదీసినాడు. పెద్దజట్టుతో ఆడిన తొలి దినాలలో ఒక స్నేహపు ఆటలో ఎదుటి గోలుకీపరు దూరంగా తన్నిన బంతిని పట్టబోయి, తన జట్టు ఆటగానినే ఢీకొన్నాడు. బంతి దొర్లి గోలులో పడినది. గోలుకీపరు చేతిలో గోలుకీపరు గోలు తినడం! 1950లో లీగులో ఆడించిన రెండు ఆటలూ వానికి కలిసిరాలేదు. ఆ తరువాత 1953 దాకా పెద్దజట్టు గోలు యాషిన్‌కు దక్కలేదు. ముందు ఖోమిచ్ వంటి ప్రసిద్ధుడు ఉన్నాడు. యాషిన్ ఆ కాలంలో ఐస్ హాకీలో గోలు కాచినాడు; 1953లో డైనమో ఆ ఆటలో సోవియట్ కప్పు గెలిచినది. ఆ హాకీ జట్టు శిక్షకుడూ చెర్నిషోవే. చిన్న నల్లబిళ్ల అతివేగంగా దూసుకొనివచ్చే ఆటలో సంపాదించిన చూపు, చేతివాటం ఫుట్‌బాల్‌లో వ్యర్థం కాలేదు. మేము గమనించవలసినది ఇది: జట్టులో చోటు లేదన్నారు గాని, పనికిరావన్నవారు లేరు.

తూనికలు మళ్లీ ఎట్లా తారుమారైనవో చూడండి. 1962లో చిలీలో జరిగిన ప్రపంచ కప్పులో కొలంబియాపై 4-1 ఆధిక్యంలో ఉన్న సోవియట్ జట్టు చివరకు 4-4తో ఆగిపోయినది. ఆ నాలుగింటిలో ఒకటి మార్కోస్ కోల్ మూలనుండి కొట్టగా నేరుగా గోలులో పడినది. క్వార్టర్ ఫైనలులో జట్టు ఓడినది. నింద యాషిన్ నెత్తిన పడినది. స్వదేశంలో ప్రేక్షకులు ఈలలు వేసి గేలిచేసినారు. మరుసటి యేడు, 1963లో, ఐరోపాలో ఆ యేటి మేటి ఆటగానికి ఇచ్చే బంగారు బంతి బహుమతి అతనికి వచ్చినది. నేటిదాకా ఆ పురుషుల బహుమతి పొందిన గోలుకీపరు మరొకడు లేడు.

మన సికిందరాబాదులో ఇటువంటి గుర్తింపుకు సాక్ష్యం పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాదులో పుట్టి, మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆడి, 1953లో మద్రాసు రెజిమెంటల్ సెంటరులో చేరినాడు. మొదట అతడు గోలు వేసే సెంటర్ ఫార్వర్డు. తరువాత గోలు కాచేవాడైనాడు. ఎదుటివాడు ఎప్పుడు కొడతాడో, ఎందుకు కొడతాడో అనుభవంతో ఎరిగినవాడు గోలులో నిలవడం ఎంత లాభమో వేరే చెప్పనక్కరలేదు. 1955లోను, 1958లోను ఆ సెంటరు జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచినది. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్సులకు వెళ్లినాడు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, భారతదేశంపై కోపంతో ఉన్న లక్షమంది ప్రేక్షకుల నడుమ దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవారు ఆసియా క్రీడల బంగారు పతకం పొందినప్పుడు గోలు కాచినది తంగరాజ్. అదే కొరియా చేతిలో మొదటి ఆటలో మనవారు 0-2తో ఓడియుండిరి. 1967లో అర్జున పురస్కారం వచ్చినది.

ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. కుర్రవాళ్లకు ఆయన పెట్టిన పోటీలు పంతులు బుద్ధికి తగినవి. ఒక పోటీలో వాటంలేని కాలితోనే బంతి తన్నవలెను. మరొకదానిలో బంతిని కాళ్ల నడుమ తిప్పుకొంటూ పరుగెత్తరాదు, వెంటనే సహచరునికి అందించవలెను. లెక్కల పంతులు కూడిక రానివానికి కూడికలే ఇచ్చి చూచినట్లు, ఒక గుణాన్ని మిగిలినవాటినుండి విడదీసి చూచే ఉపాయమిది. గోలు కాచే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. ఆటలో ఇరవై సంగతులు ఒక్కసారిగా జరుగుతాయి. సాధనలో ఒకటి మాత్రమే జరిగేటట్లు చేయవచ్చును. ఒక సాయంత్రం ఎత్తు బంతులే, ఒక సాయంత్రం చేతితో విసరడమే, ఒక సాయంత్రం నోరు విప్పి వెనుకవరుసవారిని పిలవడమే.

నోరు విప్పడమన్నది చిన్న సంగతిగా తోచవచ్చును. మైదానమంతా ఎదురుగా కనబడేది గోలుకీపరు ఒక్కనికే. "నాది" అని వాడు సమయానికి ఒక్క కేక వేయకపోవడంవల్ల ఇద్దరు ఢీకొని పడిన గోలులు ఎన్ని! సిగ్గరి పిల్లవానికి ఈ కేక నేర్పడం దుముకు నేర్పడంకన్న కష్టం, ఎందుకంటే కేక తప్పైతే పదిమందీ వింటారు.

పొడవును గూర్చిన భ్రమ మరొకటి. జట్టుకు పిల్లలను ఎన్నుకొనేనాడు వరుసలో అందరికన్న పొడవైనవానిని గోలులోనికి పంపడం సులభం. పన్నెండేళ్ల వయస్సులో పొడవన్నది చాలావరకు తొందరగా ఎదగడమే. ఒకే యేటి పిల్లలలో జనవరిలో పుట్టినవానికి, డిసెంబరులో పుట్టినవానికి ఇంచుమించు ఒక సంవత్సరపు ఎదుగుదల తేడా. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను పరిశీలించి, మేటి జట్లలో సంవత్సరారంభంలో పుట్టినవారే ఎక్కువగా ఉన్నారని 1985లో రోజర్ బార్న్‌స్లీ మొదలైనవారు చూపినారు. తరువాత ఫుట్‌బాల్‌లోనూ ఇదే కనబడినది. అట్లని పొడవు అక్కరలేదనలేము. పెద్దల ఆటలో దాని విలువ దానికున్నది. అయితే మెక్సికో గోలు కాచిన హోర్హే కాంపోస్ ఎత్తు 168 సెంటీమీటర్లే. పిల్లవాని ఎత్తుకు మించి గోలు పెట్టి, తలపైనుండి పోయిన బంతికి వానిని నిందించడం అన్యాయమని గుర్తించి ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తొమ్మిదేసిమంది ఆడే పిల్లల పోటీలకు 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల గోలును నిర్ణయించినది. మన బడులలో పదేళ్లవాడు ఎనిమిదడుగుల కమ్మీ క్రింద నిలుచుంటాడు.

1992లో వచ్చిన నియమం ఈ విద్యకు కాళ్లు కూడా చేర్చినది. తన జట్టువాడు కావాలని కాలితో వెనుకకు అందించిన బంతిని గోలుకీపరు చేతితో ముట్టరాదన్నారు. అంతవరకు చేతులతోనే బ్రతికిన మేటివారు ఒక్క వేసవిలో తడబడినారు. 2025 నుండి బంతిని చేతులలో ఎనిమిది సెకండ్లకన్న ఎక్కువసేపు ఉంచుకొంటే ఎదుటివారికి కార్నర్ కిక్కు. కనుక నేటి కుర్రవానిని చూచేటప్పుడు పట్టిన బంతులతోపాటు, పట్టిన తరువాత ఆ బంతిని ఎవరికి, ఎంత త్వరగా చేర్చినాడో కూడా చూడవలెను. ఇటలీకి చెందిన జాన్‌లూయీజీ బుఫ్ఫోన్ బాల్యంలో నడిమివరుస ఆటగాడు. 1990 ప్రపంచ కప్పులో కామెరూన్ గోలుకీపరు థామస్ న్కోనోను చూచి గోలులోనికి మారినాడు. ముందు కాళ్లతో ఆడినవానికి ఆ ఆట నష్టం కాలేదు.

పెద్ద లీగులలో నేడు ప్రతి షాటుకు గోలయ్యే అవకాశమెంతో యంత్రాలు లెక్కగట్టి, ఆ లెక్కకన్న గోలుకీపరు ఎన్ని ఎక్కువ ఆపినాడో చెబుతున్నవి. పాత భాగహారంకన్న ఇది ఎంతో న్యాయమైనది. అయినా వందలకొలది షాట్లు పోగైతేనే దానికి విలువ. యేడాదికి పది ఆటలు ఆడే పిల్లవానికి ఒక నోటుపుస్తకం చాలును. పడిన ప్రతి గోలుకూ ఒక పంక్తి: బంతి తన్నే క్షణంలో వాడు ఎక్కడ నిలిచినాడు, పాదాలు నిలకడగా ఉన్నవా లేక ఇంకా కదులుతున్నవా, ముందుకు రావడమా ఆగిపోవడమా అన్నది సమయానికి నిశ్చయించుకొన్నాడా. ఆపిన బంతులకు కూడా అవే ప్రశ్నలు వేయవలెను. తప్పు చోట నిలిచి అదృష్టంవల్ల ఆపిన బంతి ఆ పుస్తకంలో లోపంగా ఎక్కుతుంది. సరిగా నిలిచినా మూలకు దూసుకొనిపోయిన గోలు లోపంగా ఎక్కదు. ఆ పంక్తులను పంతులు ఒక్కడే వ్రాయడంకన్న, ముందు పిల్లవానిచేత చెప్పించి తరువాత తాను చూచినది కలపడం మేలు. ఆట ముగిసిన అరగంటలో ఈ పని వద్దు. కన్నీళ్లు ఆరనిచ్చి, మరునాడు, మైదానంలోనే, ఆ గోలు పడిన చోట ఇద్దరూ నిలిచి మాట్లాడుకొంటే మంచిది.

లీస్టర్ నగరంలో బ్యాంక్స్ సాధనచేసే రోజులలో అదే క్లబ్బులో ఒక బడిపిల్లవాడు గోలు కాచడం నేర్చుకొంటూ ఉండేవాడు. పేరు పీటర్ షిల్టన్. 1966 మే నెలలో, పదహారేళ్లకు, వానిని పెద్దజట్టులో ఆడించినారు. మరుసటి యేడు, ప్రపంచ కప్పు గెలిచి యేడాది తిరగకముందే, లీస్టర్ వారు బ్యాంక్స్‌ను స్టోక్ జట్టుకు అమ్మి, ఆ పదిహేడేళ్లవానికి గోలు అప్పగించినారు. షిల్టన్ 1990 వరకు ఇంగ్లండు తరఫున 125 ఆటలు ఆడినాడు.